గిట్లయితే యుద్ధం యాడుంటది?

మా మేనల్లుడు కామారెడ్డిలో ఇంటర్ చదువుతున్నప్పుడు ఒక కథ రాశాడు. రూళ్ళ నోట్‌బుక్‌లో ఏడు పేజీలు. ఫోటోలు తీసి వాట్సాప్‌లో పంపాడు. భూమి చుట్టూ తిరుగుతున్న రెండు నౌకలు, ఒకటి మనది, ఒకటి శత్రువుది. మన కెప్టెన్ ఎల్లారెడ్డి పిల్లవాడు. శత్రువు వెంటపడితే సర్రున యూ టర్న్ కొట్టి వాడి వెనక్కి చేరతాడు. ఎర్రటి లేజర్లు దూసుకెళ్తాయి. ఢామ్మని పేలుడు. ఆఖరి పేరాలో కథ భూమ్మీదికి దిగుతుంది. ఎల్లారెడ్డిలో కెప్టెన్ వాళ్ళ నానమ్మ వాకిట్లో మంచం వేసుకుని పడుకుని, వరసగా చాలా రాత్రులు చుక్కలు రాలడం చూస్తూ ఉంటుంది.

నేను ఇంజనీరింగ్ చదివినవాణ్ణి. పైగా సైన్స్ ఫిక్షన్ మీద అప్పుడప్పుడూ రాస్తుంటాను. ఇంకేం, ఆ ఫోటోల మీదే ఎర్రగీతలు గీసి, పద్నాలుగు తప్పులు పట్టి తిప్పి పంపాను. శూన్యంలో చప్పుడు వినపడదు. లేజర్ కిరణం పక్కనుంచి చూస్తే కనపడదు, ఎందుకంటే దాన్ని చెదరగొట్టే దుమ్మూ ధూళీ అక్కడ లేవు. కక్ష్యలో యూ టర్న్ ఉండదు. ఇలా పదమూడు. పద్నాలుగోది ఆఖరి పేరా పక్కన రాశాను: ‘సెంటిమెంటు, అనవసరం.’

జవాబుగా ఒక్క వాక్యం వచ్చింది. “మామా, గిట్లయితే ఇగ యుద్ధం యాడుంటది?”

అప్పుడు అది చిన్నబుచ్చుకున్న పిల్లవాడి మాట అనుకున్నాను. ఆ తర్వాత వాడు నాకు ఇంకో కథ పంపలేదు. ఆ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. తెలుగులో అంతరిక్షం గురించి సినిమా వచ్చినా, కథ వచ్చినా, టీవీలో ఉపగ్రహం వార్త వచ్చినా అదే గుర్తొస్తోంది. లెక్కలన్నీ సరిగ్గా వేస్తే యుద్ధం ఎక్కడుంటుంది? కథ ఎక్కడుంటుంది? తప్పులు పట్టడం తేలిక. ఈ ప్రశ్నకి జవాబు చెప్పలేనివాడికి ఆ తప్పులు పట్టే హక్కు ఉందా అన్నది అసలు సంగతి.

*

ముందు ఆ యూ టర్న్ ఎక్కణ్ణుంచి వచ్చిందో చూద్దాం. మావాడు కనిపెట్టింది కాదది. 1977లో ‘స్టార్ వార్స్’ తీసినప్పుడు జార్జ్ లూకాస్ రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల పోరాట దృశ్యాలను ముందు పెట్టుకుని తన అంతరిక్ష పోరాటాలను కూర్చుకున్నాడు. అప్పట్నుంచీ ప్రపంచమంతా అంతరిక్ష నౌకని విమానంలాగే ఊహిస్తోంది. ఈ అలవాటు సినిమాలతో ఆగలేదు. 2025 మార్చిలో చైనా ఉపగ్రహాలు ఐదు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతూ చేసిన విన్యాసాల గురించి అమెరికా స్పేస్ ఫోర్స్ ఉన్నతాధికారి మాట్లాడుతూ వాడిన మాట కూడా ‘డాగ్‌ఫైట్’ అనే.

విమానం వంపు తిరగగలదంటే కారణం గాలి. రెక్క గాలిని తోస్తుంది, గాలి రెక్కని తోస్తుంది. 280 కిలోమీటర్ల ఎత్తులో తోయడానికి ఏమీ లేదు. అక్కడ నౌక సెకనుకి దాదాపు 7.7 కిలోమీటర్ల వేగంతో పోతుంటుంది. కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి బస్సులో గంట పట్టే దారిని ఐదారు సెకన్లలో దాటేస్తుంది. అలాంటిది యూ టర్న్ తీసుకోవాలంటే ఉన్న 7.7నీ చంపుకోవాలి, మళ్ళీ అటువైపు 7.7 తెచ్చుకోవాలి. మొత్తం 15.4. శ్రీహరికోట నుంచి అంత పెద్ద రాకెట్ ఆ నౌకని పైకి చేర్చడానికి పడ్డ కష్టం కన్నా ఇది చాలా ఎక్కువ. యూ టర్న్ సంగతి అలా ఉంచండి. కక్ష్యని ఒక్క డిగ్రీ పక్కకి తిప్పాలన్నా సెకనుకి 134 మీటర్ల మార్పు కావాలి. చిన్న ఉపగ్రహానికి జీవితకాలానికి సరిపడా ఇచ్చే ఇంధనంలో అది పెద్ద వాటా.

ఇంకా తమాషా ఏమిటంటే, ముందున్నవాణ్ణి అందుకోవడం. లింగంపేట దాటాక ముందు ఒక బస్సు పోతోంది. మన బస్సు వెనకుంది. అందుకోవాలంటే డ్రైవర్ ఏం చేస్తాడు? యాక్సిలరేటర్ తొక్కుతాడు. కక్ష్యలో ఆ పని చేస్తే మన బస్సు పైకి లేస్తుంది, పై కక్ష్యలో తిరగడానికి ఎక్కువ సమయం పడుతుంది కాబట్టి ఇంకా వెనకబడుతుంది. అందుకోవాలంటే బ్రేక్ వెయ్యాలి. వేగం తగ్గిస్తే కిందికి జారతాం. కింద కక్ష్య చిన్నది, పైగా అక్కడ వేగమూ ఎక్కువ. అలా కిందనుంచి ముందుకెళ్ళి, సరైన సమయానికి మళ్ళీ పైకి రావాలి.

అంకెల్లో చెప్తాను. 475 కిలోమీటర్ల ఎత్తులో ఉన్నాం, శత్రువు అదే దారిలో 1,000 కిలోమీటర్ల ముందున్నాడు. పది కిలోమీటర్లు కిందికి దిగాలంటే రెండు విడతల్లో కలిపి తగ్గించుకోవాల్సిన వేగం సెకనుకి ఐదున్నర మీటర్లు, అంటే గంటకి ఇరవై కిలోమీటర్లు. సైకిల్ తొక్కే వేగం. అక్కణ్ణుంచి ఒక్కో చుట్టుకి, అంటే ఒక్కో 94 నిమిషాలకి, శత్రువుకి మనం 94 కిలోమీటర్లు దగ్గరవుతాం. అతణ్ణి అందుకోవడానికి దాదాపు పదిహేడు గంటలు. ఈ పదిహేడు గంటలూ అతనికి మనం కనపడుతూనే ఉంటాం. మన ఇంజను మండటం అతను చూశాడు. మనం ఎప్పుడు, ఎక్కడ ఎదురవుతామో మనకెంత తెలుసో అతనికీ అంతే తెలుసు.

దాక్కోవడం కూడా కష్టం. మనుషులూ యంత్రాలూ ఉన్న నౌక వేడిగా ఉంటుంది. ఆ వేడిని తీసుకుపోవడానికి గాలి లేదు. ఫ్లాస్కులో పోసిన చాయ్ లాంటి పరిస్థితి. రేడియేటర్ల నుంచి పరారుణ కిరణాలుగా వదిలేయడమే దారి. నౌక వెనక ఉన్న చీకటి సున్నాకి 270 డిగ్రీల దిగువన ఉంటుంది. ఆ చీకటి మీద వెచ్చటి నౌక పరారుణ కెమెరాకి దీపంలా కనిపిస్తుంది.

లేజర్ ఉంది కదా అంటారు. ఒక మైక్రాన్ తరంగదైర్ఘ్యమున్న కిరణాన్ని మీటరు వెడల్పు అద్దంతో పంపితే, ఆ అద్దం ఎంత నిర్దోషంగా ఉన్నా, వెయ్యి కిలోమీటర్ల దూరంలో ఆ వెలుగు రెండు మీటర్లకి పైగా పరుచుకుంటుంది. కత్తిలా కొయ్యదు, వేడి చేస్తుంది. చాలాసేపు ఒకేచోట నిలిపితే కెమెరాలు పోతాయి, పలకలు పాడవుతాయి. అదీ ఓపిక యుద్ధమే.

ఇదంతా చదివితే మావాడి ప్రశ్నే మీకూ వస్తుంది. ఇంత నెమ్మదిగా, ఇంత బహిరంగంగా జరిగేది యుద్ధమెలా అవుతుంది?

*

తెలుగులో ఈ ప్రశ్నకి దగ్గరగా వెళ్ళిన సినిమా ‘అంతరిక్షం 9000 కేఎంపీహెచ్’. సంకల్ప్ రెడ్డి దర్శకత్వంలో 2018 డిసెంబర్‌లో వచ్చింది. అందులో యుద్ధం లేదు. దారి తప్పిన మిహిర అనే ఉపగ్రహం ఉంది, దాన్ని సరిచేయడానికి పైకి వెళ్ళే మనుషులున్నారు. కానీ మాట వినని ఉపగ్రహం దగ్గరికి వెళ్ళడానికీ, శత్రువు ఉపగ్రహం దగ్గరికి వెళ్ళడానికీ గణితంలో తేడా లేదు. బాగుచేయడానికి చాచిన చెయ్యి చెడగొట్టగలదు కూడా. అందుకే ఈ సినిమాని ఈ చర్చలోకి తెస్తున్నాను.

ఆ సినిమా అంటే నాకు గౌరవం. గ్రహాంతర రాక్షసులు లేకుండా, పాడైన యంత్రాన్నే సమస్యగా పెట్టుకుని తెలుగులో పెద్ద సినిమా తీయడం చిన్న సాహసం కాదు. అయితే ఆ పేరులో అంకె ఉందే, దానితో నాకు పేచీ. గంటకి 9,000 కిలోమీటర్లంటే సెకనుకి రెండున్నర. కక్ష్యావేగంగా తీసుకుంటే అది భూమికి దాదాపు 57,000 కిలోమీటర్ల ఎత్తున తిరిగేవాటి వేగం. మన టీవీ ఉపగ్రహాలు ఉండే 35,786 కిలోమీటర్ల కన్నా చాలా పైన. భూమికి దగ్గరగా తిరిగే ఉపగ్రహాలు గంటకి 28,000 దాకా పోతాయి. 9,000 అన్నది భయపెట్టడానికి పెట్టిన అంకె అయితే, అసలు అంకె దానికి మూడింతలు భయపెడుతుంది.

ఇలా రాసి నవ్వుకోవచ్చు. నేను చాలాకాలం ఆ పనే చేశాను. కానీ ఆ పేరు చెప్పే విషయం ఇంకోటుంది. మన ఊహలో అంతరిక్షమంటే వేగం. నిజానికి అక్కడ వేగానికి ఏ విలువా లేదు, అందరూ వేగంగానే పోతుంటారు. విలువల్లా ఇద్దరి వేగాల మధ్య ఉండే తేడాకే.

దీనికి ఇస్రో స్పేడెక్స్ ప్రయోగం కన్నా మంచి ఉదాహరణ లేదు. 2024 డిసెంబర్ 30న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ60 రెండు ఉపగ్రహాలను పైకి పంపింది. ఒక్కోటి 220 కిలోలు. ఒకటి వెంటాడేది, ఒకటి లక్ష్యం. ఇస్రో పెట్టుకున్న పేర్లే ఛేజర్, టార్గెట్. ఒకే రాకెట్ మీద వెళ్ళిన ఆ రెండూ ఒకదాన్నొకటి పట్టుకోవడానికి పదిహేడు రోజులు పట్టింది. జనవరి 12న మూడు మీటర్ల దగ్గరికి వచ్చి, మళ్ళీ వెనక్కి జరిగాయి. జనవరి 16న కలిశాయి. కలిసేటప్పుడు దగ్గరయ్యే వేగం సెకనుకి పది మిల్లీమీటర్ల ప్రమాణంలో ఉండాలని పెట్టుకున్నారు. రెండూ సెకనుకి ఏడున్నర కిలోమీటర్ల పైన పోతూ, ఒకదానివైపు ఒకటి చీమ నడకతో వచ్చాయన్నమాట.

మూడు మీటర్ల దగ్గరికి వచ్చి వెనక్కి జరగడం! ఆ రాత్రి కంట్రోల్ రూమ్‌లో కూర్చున్నవాళ్ళ మీద ఎవరైనా కథ రాశారా అని వెతికాను. నాకు దొరకలేదు. మూడు మీటర్లంటే మంచం పొడవు కన్నా కాస్త ఎక్కువ. అంతదూరం వచ్చాక ‘ఈరోజు వద్దు’ అనుకోవడంలో ఉన్న ఉత్కంఠ, ఏ పేలుడులో ఉంది?

*

దీనికి సరిగ్గా వ్యతిరేకమైనది ‘మిషన్ శక్తి’. 2019 మార్చి 27న ఒడిశాలోని అబ్దుల్ కలాం దీవి నుంచి లేచిన క్షిపణి మన సొంత ఉపగ్రహాన్నే, మైక్రోశాట్-ఆర్‌ని, దాదాపు 280 కిలోమీటర్ల ఎత్తులో ఢీకొట్టింది. ఆ ఉపగ్రహం రెండు నెలల ముందు, జనవరి 24న శ్రీహరికోట నుంచి వెళ్ళింది. క్షిపణి తయారీలో హైదరాబాద్ డీఆర్‌డీఓ ప్రయోగశాలలు ఉన్నాయి. అప్పటి డీఆర్‌డీఓ ఛైర్మన్ సతీశ్ రెడ్డి నెల్లూరు జిల్లావారు. అంతరిక్షంలో ఒక వస్తువు ఇంకోదాన్ని కావాలని పడగొట్టడమనే ఘటన ప్రపంచంలో జరిగిందే చాలా తక్కువసార్లు. అందులో ఒకదానికి వేసిందీ, వేయించుకున్నదీ మన నేలతో ముడిపడి ఉన్నాయి. తెలుగు రచయితకి ఇంతకన్నా దగ్గరి వస్తువు ఏం కావాలి?

ఆ సాయంత్రం టీవీ ఛానెళ్ళలో గ్రాఫిక్స్ చూశాను. క్షిపణి పొగ కక్కుకుంటూ వంపు తిరిగి ఉపగ్రహాన్ని తరుముకెళ్ళడం, నారింజ రంగు అగ్నిగోళం, ఢామ్. మావాడి కథే, బడ్జెట్ ఎక్కువ.

నిజంగా ఏం జరుగుతుంది? ఎదురెదురుగా వచ్చేవి సెకనుకి 10 కిలోమీటర్ల వేగంతో దగ్గరవుతున్నాయనుకుందాం. సినిమా సెకనుకి 24 ఫ్రేములు. ఒక ఫ్రేముకీ తర్వాతి ఫ్రేముకీ మధ్య అవి 400 మీటర్లకి పైగా దగ్గరవుతాయి. అంటే ఒక ఫ్రేములో రెండు చుక్కలుంటాయి, తర్వాతి ఫ్రేములో మెరుపూ ముక్కలూ ఉంటాయి. ఢీకొట్టే క్షణం ఏ ఫ్రేములోనూ పడదు. పేలుడు పదార్థం కూడా అక్కర్లేదు. ఆ వేగంతో వచ్చే ఒక కిలో రాయిలో పన్నెండు కిలోల టీఎన్‌టీకి సమానమైన శక్తి ఉంటుంది. వేగమే ఆయుధం. స్పేడెక్స్‌లో సెకనుకి పది మిల్లీమీటర్లు, ఇక్కడ పది కిలోమీటర్లు. కలుపుకోవడానికీ కూల్చడానికీ మధ్య తేడా పది లక్షల రెట్లు.

మన సినిమా, మన టీవీ, మన కథ అన్నీ ఎక్కడైతే తిష్ఠ వేస్తాయో, ఆ ‘తగిలిన క్షణం’ భౌతికశాస్త్రంలో దాదాపు లేనే లేదు. ఉన్నది దానికి ముందూ, దాని తర్వాతా.

తర్వాత ఏమైందో చూడండి. పేలినవి పొగలా తేలిపోవు. గాలి లేదు కదా, ఏ ముక్కా ఆగదు. ప్రతి ముక్కా తన కొత్త వేగంతో తన సొంత కక్ష్య కట్టుకుంటుంది. కక్ష్యకి ఒక గుణం ఉంది. గాలి రాపిడిలాంటి చిన్న బలాల్ని పక్కన పెడితే, ఎక్కణ్ణుంచి బయలుదేరిందో ప్రతి చుట్టులోనూ అక్కడికే తిరిగొస్తుంది. పైకి ఎగిరిన ముక్క కూడా తొంభై, నూరు నిమిషాలకోసారి దెబ్బ తగిలిన ఎత్తుకి మళ్ళీ దిగాల్సిందే. నేరం చేసినవాడు అదే చోటికి తిరిగి రావడం డిటెక్టివ్ నవలల్లో చదివాం, ఇక్కడ అది కెప్లర్ సూత్రం.

మిషన్ శక్తిలో దాదాపు 400 ముక్కలయ్యాయనీ, వాటిలో జాడ తీయగలిగిన 60లో 24 అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం కన్నా పైకి వెళ్ళాయనీ ఆ ఏప్రిల్‌లో నాసా అధిపతి చెప్పాడు. 45 రోజుల్లో అన్నీ రాలిపోతాయని డీఆర్‌డీఓ అంచనా. ఎక్కువ భాగం త్వరగానే రాలిపోయాయి, కొన్ని ఏడాది దాటినా తిరిగాయి. అయితే ఆ తక్కువ ఎత్తుని ఎంచుకున్నదే చెత్త త్వరగా కిందికి రావాలని. ముక్కలు ప్రతి చుట్టులోనూ 280కి దిగుతాయి, అక్కడ కాస్తోకూస్తో గాలి ఉంటుంది, అది వాటిని మెల్లగా లాగేస్తుంది. 2007 జనవరిలో చైనా తన పాత వాతావరణ ఉపగ్రహాన్ని 860 కిలోమీటర్ల దగ్గర పేల్చింది. 3,000కి పైగా ముక్కలు లెక్కకొచ్చాయి, ఇన్నేళ్ళయినా చాలావరకు పైనే ఉన్నాయి. 2021 నవంబర్‌లో రష్యా అదే పని చేసినప్పుడు అంతరిక్ష కేంద్రంలో ఉన్నవాళ్ళు, రష్యన్లతో సహా, తమ తమ నౌకల్లోకి వెళ్ళి తలదాచుకోవాల్సి వచ్చింది. ఎవరు వేసిన బాణమో ముక్కలకి తెలియదు.

*

ఈ ‘తర్వాత’ గురించి మనకి ఊహే లేదా అంటే, ఉంది. చాలా పాతది.

మన పౌరాణిక సినిమాల్లో రెండు బాణాలు ఆకాశంలో ఎదురెదురుగా వచ్చి ఢీకొనడం చిన్నప్పుడు చూసి చప్పట్లు కొట్టాం. తర్వాత కాలేజీలో చేరి నవ్వాం. ఇప్పుడు ఆలోచిస్తే, విమానాల డాగ్‌ఫైట్ కన్నా ఆ ఎదురుబాణమే మిషన్ శక్తికి దగ్గర. ఒక దారిలో వచ్చేదాన్ని ఇంకో దారిలో వెళ్ళి కొట్టడం. కానీ నేను చెప్పాలనుకున్నది ఆ పోలిక కాదు. ఉపగ్రహాల్ని కూల్చడం మనవాళ్ళకి ఆనాడే తెలుసని వాదించేవాళ్ళ పక్కన నన్ను కూర్చోబెట్టకండి. ఆ కథలు చెప్పినవాళ్ళకి తెలిసింది ఆయుధం కాదు, దాని బాధ్యత. అస్త్రానికి ప్రయోగంతో పాటు ఉపసంహారం కూడా నేర్చుకోవాలి. ఆ రెండోది రానివాడు ఆ విద్య పూర్తిగా నేర్చినట్టు కాదు.

సౌప్తిక పర్వంలో అశ్వత్థామ గడ్డిపరకని మంత్రించి బ్రహ్మశిరాన్ని వేస్తాడు. అర్జునుడు ఎదురస్త్రం వేస్తాడు. రెండూ కలిస్తే ఏమవుతుందో తెలిసిన నారదుడూ వ్యాసుడూ మధ్యలో నిలబడతారు. వెనక్కి తీసుకోమంటే అర్జునుడు తీసుకోగలిగాడు, అశ్వత్థామకి చేతకాలేదు. వేసిన అస్త్రం ఎక్కడో ఒకచోట పడాలి కాబట్టి, యుద్ధంతో సంబంధం లేని గర్భస్థ శిశువుల మీదికి మళ్ళించాడు. అక్కడే వ్యాసుడి నోట ఒక మాట వస్తుంది. బ్రహ్మశిరాన్ని ఇంకో మహాస్త్రంతో కొట్టిన చోట పన్నెండేళ్ళు వాన పడదట. అంటే ‘అడ్డుకోవడం’ కూడా అమాయకమైన పని కాదు. ఆపడానికి వేసిన దెబ్బకీ తర్వాత ఉంటుంది.

‘కల్కి 2898 ఏడీ’ ఇక్కణ్ణుంచే మొదలవుతుంది. ఉత్తర గర్భం మీదికి పోయిన అస్త్రం, కృష్ణుడి శాపం, వేల ఏళ్ళు బతకాల్సిన అశ్వత్థామ. నాగ్ అశ్విన్ ఇంత గొప్ప వస్తువుని పట్టుకుని అక్కణ్ణుంచి భవిష్యత్తులోకి దూకడం చూసి థియేటర్లో నిటారుగా కూర్చున్నాను. ఆ తర్వాత వచ్చే పోరాటాలు భూమ్మీద, గాలిలో జరిగేవి. వాహనాలు వంపులు తిరిగితే నాకు అభ్యంతరం లేదు. నా అసంతృప్తి వేరు. సినిమా అశ్వత్థామని తీసుకుంది, శాపాన్ని తీసుకుంది, ఉపసంహారాన్ని వదిలేసింది. ఆయుధాలన్నీ కాల్చగానే పని చేస్తాయి, పని అవగానే మాయమవుతాయి. వెనక్కి తీసుకోలేకపోవడమే తన పాపంగా మోస్తున్న మనిషి కథలో, ఏ ఆయుధానికీ మర్నాడు లేదు.

*

ఇప్పుడు మావాడికి జవాబు.

యుద్ధం ముందే ఉంటుంది. పులీ-మేకా ఆట చూడండి. పులి ఎంత బలమైనదైనా గీత దాటి నడవలేదు. అందుకే మేకలు దాన్ని కట్టేయగలుగుతాయి. అంతరిక్షంలో గీతలు గీసింది న్యూటన్. ఎవరు ఏ గీత మీద ఉన్నారో అందరికీ తెలుసు. ఎవరి దగ్గర ఇంకా ఎన్ని ఎత్తులు మిగిలాయన్నదే ఆట. ప్రతి ఎత్తుకీ ఇంధనం ఖర్చు, ఖర్చయింది మళ్ళీ రాదు. ఈ రోజు తప్పించుకోవడానికి వాడిన సెకనుకి ఐదు మీటర్లు, వచ్చే నెల ఇంటికి తిరిగి రావడానికి దాచుకున్నవి కావచ్చు. ఆ పదిహేడు గంటలూ ఇద్దరు కెప్టెన్లకీ ఒకరి ముఖం ఒకరికి తెలియదు, ఒకరి లెక్క ఒకరికి తెలుసు. వాళ్ళేం మాట్లాడుకుంటారు? ఎవరికి ఫోన్ చేస్తారు? భోజనం చేస్తారా?

యుద్ధం తర్వాత ఉంటుంది. 280 దగ్గర కొట్టాలా, 860 దగ్గర కొట్టాలా అని తేల్చిన గదిలో ఉంటుంది. తాము వేసిన ముక్క మళ్ళీ తమ దగ్గరికే వస్తుందని తెలిసి ఎదురుచూసేవాళ్ళ దగ్గర ఉంటుంది.

సినిమాకి ఇది పనికిరాదు, జనానికి ఆ క్షణం కావాలి అంటారు. మా వైపు చిందు భాగోతం తెల్లవార్లూ ఆడతారు. చిన్నప్పుడు తాత భుజం మీద తల పెట్టుకుని చూసిన గుర్తు. బాణం ఉండదు, ఆకాశం ఉండదు. ఒక మనిషి గజ్జెలతో చుట్టూ తిరుగుతూ, వెయ్యనా మాననా అని పాడతాడు. ఆ వెయ్యనా మాననా కోసమే జనం చలిలో కూర్చునేవాళ్ళు. తగిలిందా లేదా అన్నది అందరికీ ముందే తెలుసు. తెలిసిన ముగింపు కోసం రాత్రంతా మేలుకోవడం మన ప్రేక్షకుడికి కొత్తేం కాదు. ‘ఎక్స్‌పాన్స్’ చూసి, ఇలాంటిది మన దగ్గర ఎందుకు రాదని నిట్టూర్చే మిత్రులకి కూడా ఇదే చెప్తాను. లెక్కలు ఎక్కడైనా దొరుకుతాయి, ఆగి చెప్పే అలవాటు మన ఇంట్లోనే ఉంది.

*

మొన్న దసరాకి ఎల్లారెడ్డి వెళ్ళినప్పుడు అక్క వాళ్ళ డాబా మీద పడుకున్నాం. మావాడు ఇప్పుడు ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం. నిద్ర పట్టక పాత ఫోన్‌లోంచి వాడి కథ తీసి మళ్ళీ చదివాను. ఆఖరి పేరా దగ్గర ఆగాను.

భూమికి దగ్గరి కక్ష్యలో నౌక పేలింది. వందల ముక్కలు. గాలి వాటిని వారాల తరబడి ఒక్కొక్కటిగా కిందికి లాగుతుంది. దిగేటప్పుడు అవి మండుతాయి. కింద పడుకుని చూసే మనిషికి అవి రాలే చుక్కలు. ఒక రాత్రి రెండు, ఇంకో రాత్రి ఒకటి, చాలా రాత్రులు. కక్ష్య వాలు సరిపోతే ఎల్లారెడ్డి వాకిట్లోంచి కూడా కనపడతాయి. కెప్టెన్ ఆ నౌకల్లో ఏ దాంట్లో ఉన్నాడో నానమ్మకి తెలియదు. ఏడు పేజీల్లో భౌతికశాస్త్రం పూర్తిగా సరిగ్గా ఉన్న పేరా అదొక్కటే. యుద్ధం ఎక్కడుంటుందో చెప్పిన పేరా కూడా అదే. దాని పక్కన నేను ‘అనవసరం’ అని రాశాను.

వాణ్ణి లేపి చెప్పాను, పద్నాలుగో తప్పు నాది అని. ఎందుకో కూడా చెప్పాను.

“గవన్నీ నేను లెక్క జేసి రాయలే మామా,” అన్నాడు కళ్ళు నులుముకుంటూ. “నానమ్మ జూస్తుంటదని రాసిన.”

కాసేపాగి, “మరి కడమ పదమూడు?” అన్నాడు.

“అవి తప్పులే,” అన్నాను.